బట్టలు గుచ్చుకుంటున్నాయనే పిల్లలకు: ఎక్కడో కనిపెట్టి సరిచేయడం ఎలా

స్కూలు బస్సు వచ్చే వేళకి సాక్సు తొడిగితే విసిరికొట్టేవాళ్లు, కొత్త చొక్కా వేయగానే మెడ దగ్గర పట్టుకుని లాక్కునేవాళ్లు, పట్టు లంగా కట్టిన కాసేపటికే ఏడుపు లంకించుకునేవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. "గారాబం ఎక్కువైంది, మొండికేస్తోంది" అని పెద్దవాళ్లు ఒక్క మాటలో తేల్చేస్తారు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ మొండితనానికి రోజుకో కారణం దొరుకుతుంది. రోజూ అదే చొక్కా, అదే కుట్టు దగ్గర గొడవ అవుతుంటే మాత్రం ఆ కుట్టునే అనుమానించాలి.

మనం చొక్కా తొడుక్కున్న కాసేపటికి అది ఒంటిమీద ఉన్న సంగతే మరిచిపోతాం. కొందరు పిల్లలకి ఆ మరుపు రాదు. పొద్దున తొడిగిన లేబుల్ సాయంత్రం దాకా చెప్పులో రాయిలా తెలుస్తూనే ఉంటుంది. దీన్ని సెన్సరీ సెన్సిటివిటీ అంటున్నారు. అమెరికాలో జీన్ ఏర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకి సాయపడే నిపుణురాలు) 1960, 70 దశకాల్లో దీని మీద చాలా పని చేశారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి డాక్టర్లు చూసే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చింది, అందులో ఆటిజం లక్షణాల్లో దీన్ని కూడా చేర్చారు. ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య) ఉన్నవాళ్లలోనూ, ఏ సమస్యా లేని పిల్లల్లోనూ ఉంటుంది. కాబట్టి బట్టలు పడనంత మాత్రాన ఆటిజమేనేమో అని టెన్షన్ పడకండి.

బీరువా మొత్తం మార్చేయాలని కూడా అనుకోకండి. చాలాసార్లు బాధ బట్ట మొత్తంలో ఉండదు, దానిలో ఒక్క చోట ఉంటుంది. ఆ చోటు దొరికితే ఉన్న బట్టల్లో సగం బాగుపడతాయి.

1. ముందు చర్మం చూడండి

పిల్లల్ని మంచి వెలుతురులో నిలబెట్టి మెడ వెనక, చంకలు, మోచేతి మడతలు, నడుము చుట్టూ, తొడల లోపలి వైపు, కాలివేళ్ల సందులు చూడండి. చెమటకాయలు, ఎగ్జిమా, తామర ఉంటే ఏ మెత్తని బట్టా పనిచేయదు. రాత్రిళ్లు దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికి కూడా మొదలైతే గజ్జి కావచ్చు. వీటికి చర్మవ్యాధుల డాక్టరు కావాలి.

నిన్నటిదాకా అన్నీ వేసుకున్న పిల్ల ఉన్నట్టుండి వద్దంటోందంటే ఇంకోలా ఆలోచించాలి. బట్టలసబ్బు మారిందా, ఒంటిమీద ఏమైనా లేచిందా, బడిలో ఏదైనా జరిగిందా అని ఆరా తీయండి. యూనిఫాం చూడగానే ఏడ్చే పిల్లల్లో కొందరు ఏడ్చేది గుడ్డకి కాదు, బడికి. ఆదివారం అదే యూనిఫాం వేసి ఆడుకోమంటే ఏ గొడవా చేయకపోతే అది తెలిసిపోతుంది.

2. "ఎందుకు" అని కాదు, "ఎక్కడ" అని అడగండి

"ఎందుకు వేసుకోవు?" అంటే పిల్లలకి జవాబు తెలియదు. "ఎక్కడ గుచ్చుకుంటోంది?" అంటే వేలు పెట్టి చూపిస్తారు. చూపించలేకపోతే కాగితం మీద ఒక చొక్కా, ఒక లాగు బొమ్మ గీసి రంగు వేయమనండి. మాటలు ఇంకా రాని పిల్లల్లో చెయ్యి ఎటు పోతోందో చూడాలి. కాలరు లాగుతున్నారా, భుజాలు పైకి ఎగరేస్తున్నారా, నడుము దగ్గర మడుస్తున్నారా, బూటులో కాలివేళ్లు ముడుస్తున్నారా? విప్పాక ఒంటిమీద ఎర్రగా అచ్చుపడిన గీత కూడా చాలా చెబుతుంది.

ఒక వారం పాటు ఫోన్లో రాసుకోండి: ఏ బట్ట, ఏ చోటు, వేసిన ఎంతసేపటికి గొడవ. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, అసలు కిటుకు దానిలోనే ఉంటుంది. తొడగ్గానే ఏడిస్తే గుడ్డ గరుకో, కుట్టో, లేబులో అయి ఉంటుంది. ఆడుకుని వచ్చాక అయితే చెమట. తడిసి ఒంటికి అంటుకున్న గుడ్డని అసలు భరించలేని పిల్లలుంటారు, మంచినీళ్ల గ్లాసు ఒలికి చెయ్యంచు తడిసినా చొక్కా విప్పేస్తారు. పొద్దున వేసుకుని సాయంత్రం ఇంటికి రాగానే పీకి పారేస్తుంటే రోజంతా ఓర్చుకున్నారన్నమాట. రోజంతా బడి గోల, ఎండ, అలసట కలిసి సాయంత్రానికి పొద్దున తట్టుకున్నది కూడా తట్టుకోలేరు.

ఇప్పుడు ఆ బట్టని మీరు పరీక్షించండి, చేత్తో కాదు. గిన్నెలు తోమి, కూరలు తరిగిన మన వేళ్లకి గరుకు సరిగా తెలియదు. చొక్కాని తిరగేసి లోపలి కుట్టుని మీ మెడ పక్కన, పై పెదవి మీద రుద్దుకోండి. షాపులో "ఎంత మెత్తగా ఉందో" అనిపించిన గుడ్డకి లోపల ఎన్ని ముళ్లున్నాయో అప్పుడు తెలుస్తుంది.

3. ఉన్న బట్టల్ని బాగుచేయండి

లేబుల్‌ని కత్తెరతో కత్తిరించకండి. కత్తిరిస్తే కుట్టు దగ్గర చిన్న మొదలు మిగులుతుంది, అది గడ్డం గీసిన మర్నాడు మొలిచిన వెంట్రుకలాగే పొడుస్తుంది. దర్జీలు కుట్లు విప్పడానికి వాడే చిన్న పరికరం (సీమ్ రిప్పర్) బటన్లు, దారాలు అమ్మే షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. దాంతో ఒక్కో కుట్టు తెంపి లేబుల్ మొత్తం తీసేయండి. కొన్ని కంపెనీలు లేబుల్‌ని నైలాన్ దారంతో కుడతాయి, ఆ పారదర్శకమైన దారపు ముక్కలు కూడా ఏరేయాలి. లేబుల్‌ని అసలు కుట్టులోనే కలిపేసి ఉంటే, దానిమీద పాత మెత్తని పంచె ముక్క వేసి చుట్టూ కుట్టేయండి.

బొమ్మలు కుట్టిన టీషర్టుల్ని తిరగేస్తే వెనక గట్టి గుడ్డ, ముళ్లు కనిపిస్తాయి. అక్కడా అదే మందు, లోపల ఒక మెత్తని ముక్క. రబ్బరు ప్రింటు వేసిన టీషర్టుకి మాత్రం ఏ చికిత్సా లేదు. లోపల బనియన్ వేసుకుంటే సరే, లేదంటే ఎవరికైనా ఇచ్చేయండి.

ఇంట్లో ఉన్నప్పుడు బట్టలు తిరగేసి వేసుకోనివ్వండి. బనియన్లు, సాక్సులు తిరగేస్తే కుట్లు బయటికి పోతాయి, పైన ఇంకోటి వేస్తే ఎవరికీ తెలియదు కూడా.

ఇక ఉతుకు. కొత్త బట్టకి మిల్లులో పెట్టిన గంజి, మెరుపు పోవాలంటే వేసేముందు నాలుగైదు సార్లు ఉతకాలి. బోరు నీళ్లు ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఆ నీళ్లలో సబ్బు సరిగా పోదు, గుడ్డ ఆరాక గరగరలాడుతుంది. సర్ఫు సగానికి తగ్గించి, ఇంకో విడత జాడించండి. ఆఖరి జాడింపుకైనా మంచినీళ్లు దొరికితే మేలు. పిల్లల నూలు బట్టలకి గంజి వద్దే వద్దు. మండే ఎండలో ఆరేస్తే నూలు బట్ట అట్టలా బిగుస్తుంది. గాలి తగిలే నీడలో ఆరేసి, తీసేటప్పుడు బాగా దులిపి ఇస్త్రీ చేయండి. మెత్తబడటానికి వాడే కండిషనర్లు కొందరికి ఉపయోగపడతాయి, కానీ ఆ వాసనే పడని పిల్లలుంటారు.

పుట్టిన పిల్లలకి ముందు పాత మెత్తని బట్టలే వేయడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. అది ఆరేళ్ల పిల్లాడికైనా పనికొస్తుంది. పెద్దమ్మ కొడుకు ఏడాదిపాటు వాడి ఇచ్చిన టీషర్టు షాపులో కొన్న ఏ టీషర్టు కంటే మెత్తగా ఉంటుంది. అడిగి తీసుకోండి, దానిలో నామోషీ ఏమీ లేదు.

4. కొనేటప్పుడు, కుట్టించేటప్పుడు

"ప్యూర్ కాటన్ అయితే చాలు" అంటారు. సగమే నిజం. కొత్త చేనేత నూలు, గంజి పెట్టిన పాప్లిన్ కూడా గీరుకుంటాయి. మరోపక్క బాగా నునుపుగా ఉన్న, సింథటిక్ కలిసిన బనియన్ గుడ్డ కొందరికి హాయిగా ఉంటుంది. మన ఎండలకి నూలే నయం, కాబట్టి ముందు ముల్‌ముల్, నూలు బనియన్ గుడ్డ చూడండి. చివరి తీర్పు మాత్రం ఆ పిల్ల ఒళ్లే చెప్పాలి.

షాపుకి పిల్లల్ని కాదు, వాళ్లకి బాగా నచ్చిన పాత చొక్కాని తీసుకెళ్లండి. పండగ రద్దీలో, లైట్ల కింద, పది డ్రెస్సులు విప్పి తొడిగితే మామూలు పిల్లలే ఏడుస్తారు. నచ్చిన చొక్కాని చేతిలో పట్టుకుని గుడ్డ మందం, మెడ వెడల్పు, కుట్టు పోల్చుకోండి. ఒక్కటి పడిందంటే అదే రకం ఇంకో రెండు, పై సైజువి కూడా కొనేయండి. రోజూ ఒకే రకం చొక్కా వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ కంపెనీవాళ్లు ఆ రకం ఆపేస్తే మాత్రం ఇంట్లో రభసే.

మనకి ఇంకా ప్రతి వీధిలో దర్జీ ఉన్నాడు, అది పెద్ద అదృష్టం. ఇలా చెప్పండి: కుట్టు అంచులు లోపలికి మడిచి రెండో కుట్టు వేయాలి, ఓవర్‌లాక్ పోగులు ఒంటికి తగలకూడదు. మెడ కాస్త వెడల్పు, చంక కాస్త వదులు. కాలరులో గట్టి కాన్వాస్ వద్దు. సన్న ఎలాస్టిక్ బదులు వెడల్పు ఎలాస్టిక్, అది కూడా మెత్తని గుడ్డ గొట్టంలో. లంగాకి బొందు వేస్తే ముడి పక్కకి రావాలి, వెన్నెముక మీదికి కాదు. హుక్కుల వెనక చిన్న పట్టీ వేయాలి. మొదట ఒక్కటే కుట్టించి వేసి చూడండి, అరడజను ఒకేసారి ఇవ్వకండి.

వదులుగా ఉంటేనే హాయి అనుకోవడం కూడా అందరికీ కుదరదు. గాలికి కదులుతూ ఒంటికి తగిలీ తగలనట్టుండే గుడ్డ కొందరిని ఎక్కువ చికాకు పెడుతుంది. వాళ్లు బిర్రుగా ఉండే బనియన్, లెగ్గింగ్ అడుగుతారు. ఊపిరికి, రక్తం ఆడటానికి ఇబ్బంది లేకుండా, ఒంటిమీద గీతలు పడకుండా ఉంటే వేయండి. మే నెలలో కూడా స్వెట్టరు విప్పని పిల్లలు ఈ జాతివాళ్లే. అది ప్రమాదం, వడదెబ్బ తగులుతుంది. స్వెట్టరు లాక్కోకుండా, దాని బదులు ఒంటిని పట్టి ఉండే చేతుల్లేని నూలు బనియన్ అలవాటు చేయండి.

5. యూనిఫాం, బూట్లు

మన బడుల యూనిఫాంలు ఎక్కువగా పాలిస్టర్ కలిసిన గుడ్డే. దానికి తోడు టై, బెల్టు, నల్ల బూట్లు. లోపల పాతబడిన నూలు బనియన్ తిరగేసి వేయడం మొదటి ఉపాయం. యూనిఫాంని వేసవి సెలవుల్లోనే కొని, ఉతికి ఉతికి పెట్టుకోవడం రెండోది. గుడ్డ ఇచ్చి కుట్టించుకోమనే బడి అయితే దర్జీకి పైన చెప్పినవన్నీ చెప్పొచ్చు.

ఇవేవీ చాలకపోతే టీచరుతో మాట్లాడండి. "మా వాడికి యూనిఫాం పడదు" అంటే "అందరూ వేసుకోవడంలేదా" అనే జవాబే వస్తుంది. ఒక చిన్న కోరిక స్పష్టంగా అడిగితే ఒప్పుకోవడం తేలిక. ఇలా రాయొచ్చు:

"అమ్మా, మా అబ్బాయికి మెడ దగ్గర బిగుతు తట్టుకోవడం కష్టం. టై ఉన్నంతసేపూ పాఠం మీద మనసు నిలవదు. ప్రేయర్ అయ్యాక టై తీసేయడానికి, రోజూ నూలు గుడ్డతో అదే రంగులో కుట్టించిన చొక్కా వేసుకోవడానికి అనుమతి ఇవ్వగలరు. థెరపిస్టు ఇచ్చిన ఉత్తరం జతచేస్తున్నాను."

ఆటిజం లాంటి నిర్ధారణ ఉన్న పిల్లలైతే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా అండగా ఉంటుంది. ప్రభుత్వం నిధులిచ్చే, గుర్తించే విద్యాసంస్థలు పిల్లల అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని అది చెబుతుంది. కానీ మొదటి రోజే చట్టం పేరు ఎత్తకండి. నా అనుభవంలో టీచర్లు మాటతోనే ఎక్కువ కరుగుతారు.

సాక్సుల్లో బాధంతా వేళ్ల దగ్గర అడ్డంగా ఉండే కుట్టుదే. తిరగేసి తొడగండి, మడమ గుర్తు సరిగ్గా మడమ మీదికి రావాలి, మడత పడకుండా పైకి లాగాలి. బూటులో ఇసుక దులపండి. బూటుని సాక్సుతోనే కొలిచి కొనండి. లేసుల బదులు వెల్క్రో ఉంటే బిగింపు ఎంత కావాలో పిల్లలే సరిచూసుకుంటారు.

6. తొడిగే తీరు

ఎవరో తాకితే ఉలిక్కిపడే పిల్లలు తమంతట తాము తాకితే అంత ఉలిక్కిపడరు. అందుకని వీలైనంతవరకు వాళ్లనే తొడుక్కోనివ్వండి, ఆలస్యమైనా సరే. మీరు తొడగాల్సి వస్తే ముందు చెప్పి, అరచేత్తో గట్టిగా పట్టుకోండి. పైపైన, చక్కిలిగిలి పెట్టినట్టు తగలడం వాళ్లకి చికాకు, గట్టి ఒత్తిడి నెమ్మది. స్నానం అయ్యాక తువ్వాలు చుట్టి భుజాలు, చేతులు, కాళ్లు ఒత్తండి. ఒళ్లు పూర్తిగా ఆరాకే బట్ట వేయాలి. నూనె రాసుకోవడం ఇష్టమైన పిల్లలైతే ఆదివారం తలంటుకి ముందు గట్టిగా మర్దనా చేయండి. వద్దంటే వదిలేయండి, ముఖం నుంచి మాత్రం ఎప్పుడూ మొదలుపెట్టకండి.

"ఏం వేసుకుంటావు?" అని బీరువా మొత్తం చూపించొద్దు. రెండు పెట్టి ఒకటి తీసుకోమనండి. ఆ పని రాత్రే అయిపోతే పొద్దున బస్సు హారన్ వినిపిస్తున్నా తిప్పలు తక్కువ.

కొత్త బట్ట అలవాటు చేయడానికి పొద్దున వేళ పనికిరాదు. సాయంత్రం, కడుపు నిండి హాయిగా ఉన్నప్పుడు ముందు చేతిలో పట్టుకోనివ్వండి. మర్నాడు పైనున్న బట్టమీదే ఒకసారి వేసి విప్పండి. తర్వాత ఇష్టమైన ఆట ఆడినంతసేపు. విప్పేస్తానంటే విప్పేయండి. "ఇంకో అయిదు నిమిషాలు" అని మాట మార్చారంటే రేపు అసలు తొడుక్కోరు.

7. పండగలు, పెళ్లిళ్లు

అసలు పరీక్ష ఇక్కడే. జరీ అంచు, నెట్ గౌను, లోపల క్యాన్‌క్యాన్, వెనక ముళ్లున్న మగ్గం వర్కు జాకెట్టు, మెడలో కాసులపేరు, తలలో పూలు, అన్నీ ఒకే రోజు, అదీ డప్పులూ మైకుల మధ్య. దీన్ని తట్టుకోలేకపోవడంలో పిల్ల తప్పేమీ లేదు.

పట్టు లంగా కింద మెత్తని బనియన్, లెగ్గింగ్ వేయండి. జాకెట్టుకి లోపల ముల్‌ముల్ లైనింగ్ మెడ దాకా, చేతుల దాకా వేయించండి. జరీ అంచు చీలమండకి తగులుతుంటే కాస్త పైకి కట్టండి. మగపిల్లలకి షేర్వానీ కంటే ఉతికి మెత్తబడిన పంచె నయం. నగల్లో ఒక్కటి చాలు, అది కూడా వాళ్లు ఎంచుకున్నది.

బయల్దేరే ముందే పిల్లతో ఒప్పందం చేసుకోండి: ఫొటో తీసుకునేదాకా లంగా, తర్వాత నీ గౌను. మార్చుకునే బట్టలు మీ చేతిసంచిలోనే ఉండాలి, కారు డిక్కీలో కాదు. కుటుంబమంతా దిగే ఫొటో ముందే తీయించేయమని ఫొటోగ్రాఫరుని అడగండి. "అదేంటే, పట్టులంగా విప్పేశావు?" అని అత్తయ్య అడిగితే, "ఒళ్లంతా గుచ్చుకుంటుంది అత్తయ్యా, మీరు చూశారుగా, ఇక మార్చేశాను" అని పిల్ల ముందే, నవ్వుతూనే చెప్పండి. అమ్మ తన పక్షాన ఉందని పిల్ల వినాలి.

8. ఎదిగే ఆడపిల్లలు

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మొదటి బ్రా, మొదటి ప్యాడ్ ఇలాంటి పిల్లలకి పెద్ద తంటా. ఈడు వస్తోందనగానే కుట్లులేని నూలు స్లిప్పులతో మొదలుపెట్టండి, హుక్కులున్నవి తర్వాత చూడొచ్చు. పైపొర ప్లాస్టిక్‌లా ఉండే ప్యాడ్ పడకపోతే నూలు పైపొర ఉన్నవి, ఉతికి వాడే గుడ్డ ప్యాడ్లు చూపించండి. నెలసరి మొదలవకముందే ఇంట్లో కాసేపు పెట్టుకుని చూస్తే ఆ రోజు వచ్చినప్పుడు రెండు భయాలు ఒకేసారి మీద పడవు.

9. థెరపిస్టు ఎప్పుడు కావాలి

బట్టల వల్ల బడి మానేస్తున్నా, నిద్ర పట్టకపోయినా, బట్టలతోపాటు జుట్టు కత్తిరించడం, పళ్లు తోమడం, కొన్ని రకాల తిండి కూడా ఇంతే గొడవైనా ఆక్యుపేషనల్ థెరపిస్టుని కలవండి. మాటలు ఆలస్యం కావడం, పిలిస్తే పలకకపోవడం లాంటివి ఉంటే ముందు పిల్లల డాక్టరుకి చూపించాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్రప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు నడుస్తున్నాయి. మీ అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడిగితే దగ్గరలోది చెబుతారు.

పిల్లలు నెమ్మదిస్తారని లోపల బరువులు పెట్టిన చొక్కాలు కొనమని ఎవరైనా అంటే తొందరపడకండి. అవి పనిచేస్తాయనడానికి గట్టి రుజువులు లేవు, ధర మాత్రం ఎక్కువే. మంచి థెరపిస్టు ఇంట్లో మీరు ఏం చేయాలో నేర్పిస్తారు, అది నేర్పకుండా గదిలో గంటకి ఇంత అని తీసుకునేవాళ్లని ప్రశ్నించండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఫోన్లో రాసుకున్న వారం లెక్క, పిల్లకి బాగా నచ్చిన బట్ట ఒకటి, అసలు పడనిది ఒకటి సంచిలో వేసుకెళ్లండి. ఒంటిమీద మాత్రం నచ్చినదే ఉండనివ్వండి, రంగు వెలిసిపోయినా సరే.